తలకట్టులో కిత్తనార

నసారియా చేతికి దువ్వెన వచ్చేనాటికి ఆమెకు పెళ్లయి ఏడాది కూడా నిండలేదు.

అంతకుముందు ఓకోట్లాష్కోలో జపమాల మాత పండగకి తలకట్టు కట్టేది తోమాసా. ఊరికి ఒకటే వీధి. రాళ్లు పరిచిన వీధి. కాఫీ తోటల మధ్యనుంచి మలుపులు తిరుగుతూ కొండమీది చర్చికి ఎక్కుతుంది. పండగనాడు మాతను ఆ వీధివెంట ఊరేగిస్తారు. మాతకు ముందు పెళ్లికాని పిల్ల ఒకతె, మైనపు పూలు అద్దిన పెద్ద కొవ్వొత్తిని రెండు చేతులా పట్టుకుని నడుస్తుంది. ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి, నడుం వంచి మాతకు మొక్కుతుంది. ఆ పిల్ల తలమీద ఉన్నితాళ్ల కట్టు ఉంటుంది. ఊదారంగు తాళ్లు, ఆకుపచ్చ తాళ్లు జుట్టుతో కలిపి పేని, తలచుట్టూ వరస మీద వరస చుట్టి పైకి లేపిన కట్టు. నీళ్లకుండ కింద పెట్టుకునే చుట్టకుదురులా ఉంటుంది కాని దానికి నాలుగింతలు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి పిల్ల దాన్ని సర్దుకోలేదు. నడిచినంతసేపూ అది తనంతట తాను నిలవాలి.

నిలవకపోతే కట్టిన మనిషి మళ్లీ కట్టదు. ఎవరూ తీర్పు చెప్పరు. ఆమే దువ్వెన ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

ఆ ఏడు తోమాసా కట్టినది నడివీధిలో జారింది. వంగిన పిల్ల లేచేసరికి తాళ్లు భుజం మీద ఉన్నాయి. బాజాలు ఆగాయి. మాతను మోస్తున్నవాళ్లు భుజాలు మార్చుకున్నారు. గుంపులోంచి నసారియా ముందుకెళ్లి, పిల్లను రాళ్లమీద కూర్చోబెట్టి, ఊడిన తాళ్లను మళ్లీ జుట్టులోకి పేనింది. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. విప్పారిన తాడు కనబడితే పేనకుండా ఉండలేని చేతులు అవి. ఆమె తండ్రి కిత్తనార తాళ్లు పేని అమ్మేవాడు. నడక వచ్చిన నాటినుంచీ ఆ తాళ్ల రెండో కొస పట్టుకుని నిలబడడం ఆమె పని.

ఆ సాయంత్రం తోమాసా వచ్చి, నడికట్టులోంచి దువ్వెన తీసి, నసారియా గడప మీద పెట్టి వెళ్లింది. తర్వాత బతికినన్నాళ్లూ ఊరేగింపు తన ఇంటి ముందుకి వచ్చేసరికి తలుపు వేసుకునేది. కోపంగా కాదు, మెల్లగానే వేసేది. నసారియా ప్రతి ఏడూ ఆ తలుపు ముందునుంచే నడిచింది.

మొదట్లో ఊరు నవ్వింది.

"తాళ్లవాడి కూతురు కడుతోందంట. మా పిల్ల కంచరగాడిద కాదమ్మా అని ముందే చెప్పుకోండి," అన్నారు నీళ్లరేవు దగ్గర.

"ముడి మటుకు గట్టిగా వేస్తుందిలే. విప్పాలంటే కొడవలి పట్టుకెళ్లు."

నసారియా విన్నది. ఆనాటినుంచి కిత్తనార ముట్టుకోవడం మానేసింది. పుట్టింటికి వెళ్లినా తాడు కొస పట్టలేదు. "చేతులు నొప్పులు నాన్నా," అనేది. తండ్రి ఆ కొసను గుంజకి కట్టి తన పని తాను చేసుకునేవాడు. ఆమె ఉన్ని ఒక్కటే పట్టింది. ఆమెది వేరే పనితనం అని ఊరు ఒప్పుకునేదాకా పట్టింది. చివరికి నవ్వినవాళ్లే కూతుళ్లను తీసుకొచ్చి ఆమె ముందు కూర్చోబెట్టారు.

ఆ కొండల్లో ఆడవాళ్లది జారుడు జుట్టు. ఒత్తుగా, నిటారుగా, నడుం దిగి ఉంటుంది. వేలికి చుట్టుకుంటే చుట్ట తనే విడిపోతుంది. ముడేస్తే ముడి నిద్రపోయినట్టే ఉండి, మనిషి నాలుగడుగులు వేశాక కళ్లు తెరుస్తుంది. అలాంటి జుట్టుని పైకి లేపి నిలబెట్టాలంటే నసారియాకు కొన్ని కట్టుబాట్లున్నాయి. పండగ దగ్గరపడ్డాక పిల్ల తలంటుకోకూడదు. మొదటి పట్టు మెడ గుంతలో పడాలి. అది వదులైతే పైన ఎంత బిగించినా దండగ. ఉన్నితాళ్లకు నీళ్లు చూపించకూడదు. ఏడాది పొడుగునా అవి పొయ్యి మీది దూలానికి వేలాడతాయి. పొగ తాగి తాగి పిల్లి నాలుకలా గరగరలాడతాయి. జుట్టుని అవే కరిచి పట్టుకుంటాయి.

"నాదేముంది, పట్టంతా ఉన్నిదే," అనేది ఎవరైనా మెచ్చుకుంటే. అది వినయమని అందరూ అనుకునేవాళ్లు. ఆమె ఉన్నమాట చెప్పేది.

ఇలా చాలా పండగలు గడిచాయి. కొడుక్కి పెళ్లయింది. కోడలు బ్రిహిదా కింద బస్సులు ఆగే ఊరినుంచి వచ్చింది. చురుకైన పిల్ల. దేన్నైనా ఉతికి ఆరేయకపోతే తోచదు. తలుపు తెరలు ఉతికింది, మామ టోపీ ఉతికింది, ఒకసారి పిల్లిని కూడా ఉతికింది.

ఆ ఏడు కొవ్వొత్తి పట్టే వంతు ఎలోడియాది. ఊళ్లో మొదటి సిమెంటు ఇల్లు కట్టుకున్న క్లోతిల్దె కూతురు. పుట్టినప్పటినుంచీ జుట్టుకి కత్తెర తగల్లేదు. పండగ పొద్దున తల్లీకూతుళ్లు నసారియా వంటింటికి వచ్చారు. బయట మంచు దిగి ఉంది. ఎలోడియా పొట్టి పీట మీద కూర్చుని జుట్టు వెనక్కి వేసుకుంది. జుట్టు నేలమీద చుట్టుకుంది.

నసారియా దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"తలంటుకున్నావా?"

"నేను కాదు పెద్దమ్మా. అమ్మ అంటింది. వద్దన్నా వినలేదు."

"మురికి తలతో మాత ముందుకి పంపమంటారా, దోన్యా నసారియా?" అంది క్లోతిల్దె. "మా ఇంట్లో నీళ్లు లేవనుకుంటారు జనం."

"నీళ్లు ఎక్కువైతే కాళ్లు కడగాల్సింది."

"కాళ్లూ కడిగాను."

నసారియా దువ్వెన తీసింది. తలంటిన జుట్టు మీద లోగడ కట్టలేదా, కట్టింది. ఉన్ని ఉంది కదా. దూలం వైపు చూసింది. దూలానికి తాళ్లు లేవు.

"అత్తా, కంగారుపడకు, నా దగ్గరున్నాయి," అంటూ లోపల్నుంచి బ్రిహిదా వచ్చింది. రెండు చేతుల మీద, బట్టల కొట్టువాడు చీర పట్టుకొచ్చినట్టు, మడతపెట్టిన తాళ్లు తెచ్చింది. "చూడు. ఎంత మురికి పోయిందో తెలుసా? ఎన్ని నీళ్లు మార్చినా నల్లగానే. ఆఖర్న ఆ నీలం మందు పోశా, బట్టలు మెత్తబడతాయే, అది. పట్టుకో. పసిపిల్ల బుగ్గల్లా లేవూ?"

నసారియా పట్టుకుంది. పట్టుకున్నట్టు అనిపించలేదు. పూల వాసన వచ్చింది.

"ఎందుకు ఉతికావు?"

"నువ్వే అన్నావుగా పోయినేడు, పొగ వాసనేస్తున్నాయని."

"అన్నాను. బాగుందని అన్నాను."

బ్రిహిదా మొహంలో నవ్వు ఆగిపోయింది. ఏం జరిగిందో ఇంకా తెలియలేదు కాని ఏదో జరిగిందని తెలిసింది.

నసారియా పాపిడి తీసి, జుట్టు రెండు పాయలు చేసి, మెడ గుంతలో మొదటి పట్టు వేసింది. తాడు జుట్టు మీదుగా నీళ్లలో చేపలా జారిపోయింది. మళ్లీ వేసింది. ఈసారి నిలిచింది. నిలిచినట్టు నటించింది. చుట్టలన్నీ చుట్టి, కొసలు దోపి, "వంగు," అంది.

ఎలోడియా వంగింది. కట్టంతా ఒక్కసారిగా చెవిమీదికి వాలింది, తాగినవాడి టోపీలా.

"జపమాల తల్లీ," అని క్లోతిల్దె గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

బ్రిహిదా పరుగెత్తుకెళ్లి పిన్నులు, జుట్టుకి కొట్టే స్ప్రే డబ్బా తెచ్చింది. తన పెళ్లినాటివి. "పట్నంలో వీటితోనే నిలబెడతారత్తా. గాలివానకి కూడా కదలదు." డబ్బా నొక్కితే వంటింట్లో అందరికీ దగ్గు వచ్చింది. పిన్నులు ఒక్కొక్కటీ గుచ్చింది. జారుడు జుట్టులోంచి అవి ఒక్కొక్కటీ వెనక్కి వచ్చి నేలమీద పడ్డాయి. గింజలనుకుని కోడి వచ్చి పొడిచి చూసింది.

"పోనీ మైనం రాద్దామా?" అంది బ్రిహిదా చిన్నగా.

"రాస్తే రేపు గుండు చేయించాలి."

"తోమాసా పిన్ని తాళ్లు ఉండేవి కదా?"

"ఆవిడతోనే మట్టిలోకి వెళ్లాయి."

చర్చిలో మొదటి గంట కొట్టారు. పైన ఎక్కడో తారాజువ్వలు పేలాయి. నసారియా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడే దువ్వెన ఇచ్చేసి, పిల్లని ఉత్త జడతో పంపొచ్చు. జారిందన్న మాట రాదు. కాని తాళ్లు కోడలు ఉతికిందనీ, అత్త కట్టలేకపోయిందనీ ఊరంతా అంటుంది. పైఏడు ఊరేగింపు తన గుమ్మం ముందుకి వచ్చినప్పుడు ఎక్కడ నిలబడాలో తనకు తెలియదు. తోమాసా తలుపు ఎందుకు మెల్లగా వేసేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. గట్టిగా వేసే హక్కు కూడా లేదు మరి.

గుమ్మం పక్కన మేకుకి మొగుడు ఫెర్మీన్ తాడు వేలాడుతోంది. కాఫీ బస్తాలు వీపున మోసేటప్పుడు నుదుటికి తగిలించుకునే పట్టీ, దానికి రెండువైపులా బారెడేసి కిత్తనార తాళ్లు. గరుకువి. చెయ్యి పెడితే గీరుకుపోతుంది.

ఆమె లేచి ఆ తాడు తీసింది. కొడవలితో పట్టీ దగ్గర కోసి, పురి విప్పి పోగులు చేయడం మొదలుపెట్టింది.

క్లోతిల్దె చూస్తూ నిలబడింది. ఏం చేస్తోందో అర్థమయ్యేసరికి కాస్త సేపు పట్టింది.

"అదేంటి? అది మోతతాడు కదూ?"

"అవును."

"నా కూతురి నెత్తిన మోతతాడా? మాత ముందు నడిచే పిల్లకా? బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు, నసారియా. ఎంతైనా తాళ్లవాడి కూతురివి." దోన్యా అనే మర్యాద ఎక్కడో రాలిపోయింది.

నసారియా చేతులు ఆగాయి. ఇన్నేళ్లలో ఆ మాట మొహం మీద అన్నవాళ్లు లేరు.

"కట్టు పెద్దమ్మా," అంది ఎలోడియా, వెనక్కి తిరక్కుండానే. "ఊడిపడితే వీధిలో నవ్వులపాలయ్యేది అమ్మ కాదు, నేను."

"నువ్వు నోరు ముయ్యి."

"ముయ్యను. తల నాది. నువ్వు కడగకపోతే ఇదంతా ఉండేదా?"

క్లోతిల్దె గోడవైపు తిరిగి జపమాల తీసుకుంది.

నసారియా నార పోగులను మెడ గుంత దగ్గర జుట్టులో కలిపి పేనింది. చేతులు వాటంతటవి కదిలాయి. తండ్రి వేసే ముడి ఒకటుంది, బరువు పడేకొద్దీ బిగిసేది. అది వేసింది. నార చుట్టూ జుట్టు, జుట్టు చుట్టూ ఉన్ని. బయటికి ఊదా, ఆకుపచ్చ తప్ప ఏమీ కనబడలేదు. ఎలోడియా వంగింది, తల విదిలించింది, లేచి గెంతింది. కట్టు కదల్లేదు.

"గోడలా ఉందత్తా," అంది బ్రిహిదా.

"గుచ్చుకుంటోంది," అంది ఎలోడియా. "పరవాలేదు. నిలిస్తే చాలు."

అప్పుడే ఫెర్మీన్ కొత్తచొక్కా వేసుకుని వచ్చి మేకు వైపు చూశాడు.

"నా తాడేదే?"

"ఎలోడియా నెత్తిలో."

అతను పిల్ల తలవైపు చూశాడు, నేలమీద పడున్న పట్టీ వైపు చూశాడు. "మరి రేపు నా బస్తా?"

"మాతని అడుగు. అటే వెళ్తున్నావుగా."

ఊరేగింపు కింది గుడిసెల దగ్గర మొదలైంది. తలకట్టు కట్టిన మనిషి మాత వెనకాల నడవాలి, పిల్ల పక్కన కాదు. నసారియా ఆడవాళ్లతో వెనక నడిచింది. మొదటి మలుపులో ఎలోడియా తిరిగి నడుం వంచింది. కట్టు నిలిచింది. నసారియా ఊపిరి పీల్చుకుంది. పక్కన క్లోతిల్దె కూడా పీల్చుకోవడం వినబడింది.

తర్వాత చినుకు మొదలైంది. ఆ కొండల్లో దాన్ని ఎవరూ వాన అనరు. గొడుగు తీయడం సిగ్గు. మాతకి మాత్రం ప్లాస్టిక్ కాగితం కప్పారు. చినుకు సన్నగా, ఆగకుండా, ఊదారంగు ఉన్నిలోకి దిగింది.

తడిస్తే నార ఏం చేస్తుందో నసారియాకు తెలుసు. నాన్న తాళ్లు తడిసిన రోజున గుంజలు వంగేవి. పేనిన తాడు నీళ్లు తాగి లావెక్కుతుంది, లావెక్కి పొట్టిదవుతుంది. బస్తా కట్టిన గాడిద వానలో నడిస్తే తాడు బిగిసి కడుపు కోసుకుపోతుందని చిన్నప్పుడు రోజూ వినేది. కాని ఆ తెలివి ఆమె చేతుల్లో ఉండేది, చేతులు ఆ పని మానేసి చాలా కాలమైంది. పొద్దున మంచు చూస్తూ కూడా అది గుర్తుకు రాలేదు.

మూడో మలుపులో ఎలోడియా తిరిగి వంగినప్పుడు నసారియాకు ఆమె మొహం కనబడింది. కనుబొమలు పైకి లాగుకుపోయి ఉన్నాయి. కళ్లు పెద్దవై ఉన్నాయి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కట్టు పొద్దుటికన్నా చిన్నదైంది, గట్టిగా, నున్నగా, పచ్చి సొరకాయలా ఉంది.

"చూడు చూడు, ఏడుస్తోంది," అంది పక్కనున్న ముసలామె.

"మాత కనబడినట్టుంది."

"ఆ కళ్లు చూడు. ఎటు చూస్తోందో చూడు. ఈ లోకంలో లేదు పిల్ల."

ముసలామె ఏడవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకొకామె. బాజాలవాళ్లు పాట వేగం తగ్గించారు. మాతను మోస్తున్న మగవాళ్లలో ఒకడు ముక్కు తుడుచుకున్నాడు. క్లోతిల్దె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూతురి వంక ఎన్నడూ చూడనట్టు చూసింది.

నసారియా నడుస్తూనే ఉంది. ముందుకెళ్లి ముడి వదులు చేస్తే కట్టు విప్పినట్టే. విప్పితే దువ్వెన పోయినట్టే. వెళ్లకపోతే ఆ నొప్పి ఎంతదాకా పోతుందో తనకి తప్ప ఈ వీధిలో ఎవరికీ తెలియదు. ఆమె కొంత దూరం అలాగే నడిచింది. ఆ కొంత దూరం గురించి తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఆపైన జనాన్ని తోసుకుంటూ, మాత పక్కనుంచి ముందుకెళ్లి ఎలోడియా పక్కన నడిచింది. జనం గుసగుసలాడారు.

"విప్పనా?" అంది.

ఎలోడియా పెదవులు కదపకుండా మాట్లాడింది. "విప్పావంటే చంపేస్తా పెద్దమ్మా."

"తడిసింది పిల్లా. ఇంకా బిగుస్తుంది."

"ఇంకెన్ని మలుపులు?"

"రెండు."

"అయితే నన్ను మాట్లాడించకు. నోరు కదిపితే నెత్తి ఊడొస్తోంది."

నసారియా వెనక్కి వెళ్లలేదు. వెళ్లాలన్న ఆచారం ఉన్నా వెళ్లలేదు. చర్చి మెట్ల దాకా పక్కనే నడిచింది. చివరి మలుపులో ఎలోడియా వంగి లేస్తుంటే మోచేయి కింద చెయ్యి వేసింది.

కట్టు జారలేదు.

మాత లోపలికి వెళ్లగానే పిల్లను వంటింటికి తీసుకొచ్చారు. ముడి విప్పబోతే రాలేదు. తడిసిన ముడి రాయి అయి ఉంది. కోయాలంటే జుట్టుకీ నారకీ మధ్య కత్తి మొన దూరే సందు లేదు. ఆరితే తప్ప వదలదు. ఎలోడియాను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, బ్రిహిదా విసనకర్రతో తల మీదికి వేడి విసిరింది. విసురుతూ ఏడ్చింది.

"నా వల్లే కదత్తా."

"నువ్వు కూడా ఏడవకు. వీధిలో ఏడ్చినవాళ్లు చాలు."

ఎలోడియా చిక్కుళ్లు కూరిన మొక్కజొన్న ముద్ద తింటూ, నవలడం కష్టమై, మింగుతూ ఉంది. "బ్రిహిదా వదినా, మీరు విసరండి, ఆగకండి. నాకు ఇప్పుడు నిజంగానే మాత కనబడుతోంది."

ఆరాక నార తనే సడలింది. నసారియా వేలితో ముడి లేపి, పోగు పోగు లాగేసింది. నుదుటిచుట్టూ ఎర్రటి గీత మిగిలింది. ఆ సాయంత్రం ముగ్గురు ముసలమ్మలు వచ్చి ఆ గీతకి జపమాల తాకించి కళ్లకద్దుకున్నారు. క్లోతిల్దె వాళ్లకి కాఫీ ఇచ్చింది. వెళ్లేటప్పుడు, "మీ చెయ్యి చల్లనిది, దోన్యా నసారియా," అంది. పొద్దున ఏమన్నదో ఆమెకు గుర్తులేనట్టే ఉంది.

నసారియా పండగ పెద్ద దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. "అది భక్తి కాదు. తాడు తడిసి బిగిసింది. పిల్లకి నొప్పి పుట్టింది."

"తెలుసమ్మా, ఫెర్మీన్ చెప్పాడు, తాడు పోయిందని ఊరంతా చెప్పుకుంటున్నాడు," అన్నాడాయన మూలికల సారా ఆమెకో గుక్క పోస్తూ. "మాత దేన్నైనా వాడుకుంటుంది. ఆ తల్లే నీ చేత తాడు తీయించింది. తాగు."

ఆమె తాగింది.

పైఏడు కొవ్వొత్తి వంతు విసెంతా కూతురిది. విసెంతా పండగ పొద్దున పిల్లని తీసుకొచ్చింది, దాంతోబాటు కొత్త కిత్తనార తాడు కూడా తెచ్చింది. ఎండలో తెల్లబరిచినది, మంచి పేనిక.

"పోయినేటిలాగే కట్టాలి దోన్యా."

"ఉన్ని చాలు. ఈ ఏడు ఎవరూ ఉతకలేదు."

"ఉన్నితో ఏడుపు రాదంట కదా."

నసారియా దువ్వెన పట్టుకుని పిల్ల వెనక నిలబడింది. సన్నటి పిల్ల. భయపడుతోంది, కాని తల్లి చెప్పినదానికి సిద్ధపడి వచ్చింది. పీట అంచులు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"ఏడిపించాలంటే దారిలో గిల్లు," అంది నసారియా.

"నవ్వులాటలు కాదు. అందరూ అదే చూస్తారు ఇప్పుడు. పిల్ల ఏడవకపోతే మా ఇంట్లో ఏదో దోషముందంటారు. మీరు కట్టనంటే చెప్పండి. కింది గుడిసెల్లో ఒకావిడ తాడుతో కట్టడం నేర్చుకుంటోందంట, అక్కడికి పోతాం."

అదే మాట వినాల్సి వస్తుందని నసారియాకు కొన్ని నెలలుగా తెలుసు. ఇన్నేళ్లూ జారితే దువ్వెన పోతుందనుకుంది. నిలిచినా పోవచ్చునని ఎవరూ చెప్పలేదు.

సాయానికి వచ్చిన ఎలోడియా పొయ్యి దగ్గర బ్రిహిదాతో మాట్లాడుతోంది. అటునుంచే అంది: "విసెంతక్కా, ఆ తాడు ముందు నీ నెత్తికి కట్టించుకో. రేవు దాకా వెళ్లి, తలమీద నీళ్లు పోసుకుని రా. అప్పుడు చెప్పు మాత కనబడిందో, మీ ముత్తాత కనబడ్డాడో."

బ్రిహిదా పకపకా నవ్వింది. విసెంతా నవ్వలేదు. కాని చేతిలోని తాడుని రెండోసారి ముట్టుకుని చూసుకుంది. ఆ గరుకుమీద బొటనవేలు అటూ ఇటూ కదిలింది. గుమ్మం దగ్గర కూర్చున్న ఫెర్మీన్, "తాడు మంచిదమ్మా, వృథా పోనివ్వకు, నాకిచ్చెయ్," అన్నాడు.

"ఏడవకపోతే ఊరేమంటుంది?" అంది విసెంతా, ఈసారి చిన్నగా.

"కట్టు నిలిచిందంటుంది," అంది నసారియా. "నిలవకపోతే నన్ననండి."

ఆమె దూలం మీదినుంచి ఉన్నితాళ్లు తీసింది. ఏడాది పొగ తాగి మళ్లీ కొంత గరుకెక్కాయి, మునుపటంత కాదు. మెడ గుంతలో మొదటి పట్టు వేయడానికి చాలాసేపు తీసుకుంది. విప్పి మళ్లీ వేసింది. రెండో గంట కొట్టేదాకా వేసింది. విసెంతా కూర్చుని చూసింది కాని లేచి పోలేదు.

ఆ ఏడు చినుకు పడలేదు. పిల్ల పొడి కళ్లతో నడిచింది. మలుపుల దగ్గర వంగింది, లేచింది. ఒకచోట గోడెక్కి కూర్చున్న చెల్లెల్ని చూసి నవ్వింది కూడా. కట్టు కొంచెం ఎడమకి ఒరిగి అక్కడే ఆగింది. వెనక ఆడవాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి, చర్చి మెట్ల దగ్గరికి వచ్చేసరికి వేరే మాటల్లో పడ్డారు.

"ఈ ఏడు మాత మామూలుగా ఉంది," అంది ముసలామె.

"నసారియాకి వయసైపోయింది మరి," అంది ఇంకొకామె. నసారియా రెండు వరసల వెనక ఉంది. వినబడేటట్టే అన్నారు.

సాయంత్రం వంటింట్లో పిల్ల పీట మీద కూర్చుంది. కట్టు చుట్ట చుట్టగా, చేతికి ఏ మాత్రం ఎదురుతిరక్కుండా విడివడింది. పిల్ల ఆగకుండా మాట్లాడుతోంది. కొవ్వొత్తి ఎంత బరువుందో, బాజావాడికి బూరలో ఈగ ఎలా దూరిందో చెబుతోంది. మధ్యలో ఆగి అంది:

"ఏడవలేదని అమ్మ అలిగింది పెద్దమ్మా."

"నొప్పి పుట్టిందా నీకు?"

"లేదు."

"తల ఇటు తిప్పు," అంది నసారియా. కడపటి పాయ విప్పింది.